బండి కర్రకు పెరుగు మూట

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే బండ్లలో దేవవ్వ బండిని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. మోపుల ముందు నిలిపిన కర్రకు తెల్లటి గుడ్డమూట వేలాడుతుంటుంది. పొద్దున బయలుదేరేటప్పుడు కుండెడు పెరుగును పాత ధోవతి ముక్కలో పోసి కడుతుంది. బండి కుదుపులకు నీళ్లన్నీ కింద కట్టిన ముంతలోకి కారి, గేటు చేరేసరికి మూటలో వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. ముంతలో నీళ్లు ఉప్పేసుకుని తాగుతుంది. ముద్దలో నూరిన పచ్చిమిరపకాయ కలిపి జొన్నరొట్టె మీద రాసుకుంటుంది, మిగిలినదాంట్లో బెల్లం చిదుపుకుంటుంది. నవ్వేవాళ్లు నవ్వారు, ఆమె మూట కట్టడం మానలేదు. మొగుడు లింబయ్య కాలు విరిగి మంచాన పడ్డ నాటి నుంచి ఎడ్ల పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం గేటు ముందు బండ్ల వరుస కదలలేదు. నిలిచినకొద్దీ చెరకు ఎండి తూకం తగ్గుతుంది. వెనక బండి తుకారాం వచ్చి, "అక్కా, ఆడమనిషివి, ఈడ ఎంతసేపు కూసుంటవ్? బండి పక్కకు తియ్యి, మేం ముందట పోతం. నువ్వు రేపు రా" అన్నాడు. దేవవ్వ రొట్టె మీద పెరుగు మందంగా రాసి అతని చేతిలో పెట్టింది. అతను తిని, వేళ్లు కూడా నాకాడు.

"మంచిగున్నదా తమ్మీ?"

"మస్తున్నదక్కా."

ఆమె మోపుల సందులోంచి ఇంకో పెరుగు కుండ తీసింది. ఉతికిన గుడ్డలో పోసి, అదే కర్రకు బిగించి కట్టింది.

"ఇది రేపటికి, ఈడనే తింట," అంది. "పో, నీ ఎడ్లకింత గడ్డెయ్యి."