చార్జింగ్ ఎక్కని బండి, తాతయ్య అన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే ఎక్కువ మర్యాద ఒక పాత పికప్ బండికి జరిగేది. అప్పటికే ఇద్దరు ముగ్గురి చేతులు మారి వచ్చిన ఆ బండిని మా తాతయ్య ఎంతో ముచ్చటపడి కొన్నాడు. మానవపాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేరుశనగ బస్తాలు గద్వాలకు చేరవేయడం, వారపు సంత సాగే అంగడి రోజున మనుషుల్ని ఎక్కించుకుపోవడం దాని పని. తాతయ్యకు నడపడం రాదు. డ్రైవరు పక్కన కూర్చుని, నడిపేది తానే అన్నట్టు దారి పొడవునా ఆజ్ఞలు మాత్రం ఇచ్చేవాడు.

డ్రైవరుది మా వెనక వీధే. మేము పిల్లలం ఆయన్ని డ్రైవరు మామ అనేవాళ్లం. వాళ్ల అమ్మానాన్నలు ఏటా పండగలు కాగానే కూలీలను పోగేసే మేస్త్రీ వెంట వలసపోయి, ఎక్కడెక్కడో కాలువలు తవ్వి, మళ్లీ వానలకు తిరిగొచ్చేవాళ్లు. ఆయన ఎవరెవరినో బతిమాలి స్టీరింగు పట్టడం నేర్చుకుని ఊళ్లోనే నిలబడ్డాడు. ఆయన బిడ్డా నేనూ ఒకే తరగతి. వాళ్ల ఇంట్లో ఏడాదంతా ఒకే బడికి వెళ్లిన మొదటి మనిషి ఆ పిల్లే.

ఆ ఏడు దసరాకు తాతయ్య బండికి తన చేత్తో పచ్చరంగు వేశాడు. బయట వేసి ఊరుకుంటే బాగుండేది. బానెట్ లోపల కూడా విప్పగలిగిందల్లా విప్పి, రంగు పూసి, మళ్లీ బిగించాడు. ఎందుకంత కష్టం అని నానమ్మ అడిగితే, పూజ చేసేటప్పుడు అమ్మవారు లోపల చూడదా అన్నాడు.

పండగ వెళ్లాక బండి మొండికేసింది. సాయంత్రం దాకా బాగా తిరిగేది, తెల్లవారి స్టార్టు అయ్యేది కాదు. నలుగురు కలిసి తొయ్యాల్సి వచ్చేది. బ్యాటరీ పోయిందని తాతయ్య గద్వాలలో కొత్తది కొన్నాడు. వారం తిరక్కముందే అదీ చచ్చిపోయింది. చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూపించే మీటరు ముల్లు ఆ బండిలో ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు. చెప్పేవాళ్లు లేనిచోట ఊహించేవాళ్లు దొరుకుతారు. డ్రైవర్లు కొత్త బ్యాటరీ అమ్ముకుని పాతది పెట్టేస్తారని హోటల్ దగ్గర ఎవరో అన్నారు. తాతయ్యకు ఆ మాట నచ్చింది.

మర్నాడు అదే హోటల్‌లో, టీ తాగుతున్న పదిమంది ఎదుట, తాతయ్య గొంతెత్తి అన్నాడు. "కొత్త బ్యాటరీ గద్వాల్ల అమ్ముకున్నడు. పాత డొక్కు దెచ్చి నా బండ్ల పెట్టిండు. నాకేం తెల్వదనుకుంటుండు."

డ్రైవరు మామ అప్పుడే గడపలోకి వచ్చాడట. తాళంచెవి బెంచీ మీద పెట్టి, "ఇంకొకన్ని చూస్కో పటేలా" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. దాంతో ఊరికి సాక్ష్యం దొరికినట్టయింది. ఏమీ లేకపోతే ఎందుకు పోతాడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు అన్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని నానమ్మ ఆ పూటే అంది. అంగడి రోజుకల్లా ఆ మాట మానవపాడు దాటి గద్వాల చేరింది. ఆయన్ని ఎవరూ బండి మీదికి పిలవలేదు.

కొద్దిరోజులకు ఆయన బిడ్డ బడిలో నాతో అంది. "మా నాయిన మేస్త్రీకి మాటిచ్చిండు. దీపావళి కాంగనే అందరం పోతున్నం. నా పుస్తకాలు నీకిస్త."

నాకూ అవే పుస్తకాలు ఉన్నాయిగా, నాకెందుకు అన్నాను. ఏడుపు వస్తోంది, కానీ ఆ వయసుకు అంతకన్న మంచి మాట దొరకలేదు. ఇంటికొచ్చి నానమ్మకు చెప్పాను.

నానమ్మ తాతయ్యతో గొడవ పడలేదు. "దొంగ అన్నవు గద. దొంగతనం జర చూపియ్యి, నేను గూడ జూస్త" అంది అంతే. తాతయ్యకు పౌరుషం వచ్చింది. బ్యాటరీ విప్పి, గోనెసంచిలో చుట్టి, బస్సులో గద్వాల తీసుకుపోయాడు. అమ్మిన దుకాణంవాడు తిప్పి చూసి, ఇది నేనిచ్చిందే, మంచిగనే ఉంది, ఖాళీ అయింది అంతే అన్నాడు. దొంగతనం జరగలేదని అక్కడే తేలిపోయింది. తాతయ్య మాత్రం అంత సులభంగా తేలే మనిషి కాదు. అయితే వాడు లైట్లు ఆర్పకుండా పోతున్నాడన్నమాట అని కొత్త నేరం పట్టుకుని ఇంటికొచ్చాడు.

చార్జింగ్ పెట్టించి తెచ్చిన బ్యాటరీని ఆ రాత్రి బండికి తగిలించకుండా అరుగు మీద ఉంచాడు. తెల్లవారి బిగిస్తే బండి ఒక్కసారికే లేచింది. అంటే బ్యాటరీలో లోపం లేదు. ఆ పగలు మా చుట్టం ఒకాయన బండి నడిపాడు. సాయంత్రం తాతయ్యే లైట్లన్నీ ఆర్పి ఉన్నాయో లేదో చూసి, బానెట్‌కు గొలుసు వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పొద్దున్నే చూస్తే బండి మళ్లీ చచ్చింది. ఇప్పుడు తప్పు మోపడానికి మొలతాడు తప్ప ఎవరూ మిగల్లేదు.

అప్పటి నుంచి ఆయనలో పట్టుదల మిగిలింది, కోపం తగ్గింది. బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. డైనమో విప్పి గద్వాలకు మోసుకుపోయాడు. దుకాణంవాడు దాన్ని తిప్పి బల్బు వెలిగించి చూపించాడు. కరెంటు తయారవుతోంది, బ్యాటరీ నిలుపుకుంటోంది, అయినా ఖాళీ అవుతోంది. తాతయ్య డైనమో ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. నానమ్మ, నేను పక్కనే పల్లీలు ఒలుస్తున్నాం.

"బావిల నీళ్లున్నయి, తొట్టికి చిల్లు లేదు. ఇంక నడిమిట్ల కాలువ జూడాలె గద" అంది నానమ్మ, పల్లీల మీంచి తల ఎత్తకుండా.

డైనమోకూ బ్యాటరీకీ నడుమ చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. కటౌట్ అంటారు. కరెంటును బ్యాటరీకి వదిలేది అదే. దాని అడుగు బండి ఇనుముకు తాకి ఉండాలి, అదే దానికి ఎర్త్ అని దుకాణంవాడు ముందే చెప్పి పంపాడు. తాతయ్య డైనమో మళ్లీ బిగించి, వైర్లన్నీ లాగి చూసి, చివరికి ఆ డబ్బా స్క్రూలు విప్పాడు. డబ్బా కింద ఇనుము కనిపించలేదు. దసరాకు పూసిన పచ్చరంగు, గీత కూడా పడకుండా నిగనిగలాడుతోంది.

తాతయ్య కత్తితో రంగు గీకి, డబ్బా బిగించి, వీధిలోవాళ్లను పిలిచి బండి తోయించాడు. ఇంజన్ లేచింది. మా చుట్టం రేజ్ చేసిన కొద్దీ లైట్ల వెలుగు పెరిగింది. అంతకుముందు అలా పెరిగేది కాదు. వీధిలోవాళ్లు ఏమైంది పటేలా అని అడిగారు. వైరు లూజైందని అంటే అక్కడికి సరిపోయేది. ఆ రంగు చూసింది నానమ్మ, నేను, ఇద్దరమే.

తాతయ్య చేతులు కడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని, తిన్నగా హోటల్‌కు నడిచాడు. నేను వెనకాలే పోయాను. "బ్యాటరీ గదే. డ్రైవరు దొంగ గాదు. నేను ఏసిన రంగే అడ్డం పడ్డది. తప్పు నాది" అన్నాడు. కొందరు నవ్వారు. ఒకాయన, పోనీ పటేలా, పనోని కోసం గింత పరేషాన్ ఎందుకు అన్నాడు. తాతయ్య ఆయన వైపు చూడకుండా డ్రైవరు మామ ఇంటికి బయల్దేరాడు.

అక్కడ వాకిట్లో మూటలు కట్టి ఉన్నాయి. డ్రైవరు మామ ఒక మూటకు తాడు బిగిస్తున్నాడు. తాతయ్య చెప్పిందంతా విని ఆయన భార్యే మాట్లాడింది. "హోటల్ల చెప్పినవు, మంచిదే. మరి అంగట్ల ఎవరు చెప్పాలె పటేలా? గద్వాల్ల ఎవరు చెప్పాలె? ఆ మాట ఆడిదాంక పోయింది. మేమూ ఆడనే బతకాలె."

తాతయ్యకు ఎదురు చెప్పినవాళ్లను నేను అంతవరకు చూడలేదు. కోపం వస్తుందని భయపడ్డాను. ఆయన మాత్రం, "ఏడేడికి పోయిందో నువ్వే తీస్కపో. ఆడనే చెప్త" అన్నాడు డ్రైవరు మామతో.

అంగడి రోజున డ్రైవరు మామ బండి నడిపాడు. పనిలోకి వస్తానని కాదు, ఆ ఒక్క రోజుకే. ఆయన బిడ్డా నేనూ వెనకాల కూర్చున్నాం. మానవపాడు అంగడిలో, తర్వాత గద్వాలలో బస్తాలు దించే చోటల్లా తాతయ్య దిగి, నలుగురిని పిలిచి, అదే మాట చెప్పాడు. మొదట్లో గొంతు తగ్గించి చెప్పాడు, వినపడలేదంటే మళ్లీ చెప్పాడు. దారి పొడవునా డ్రైవరుకు ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వలేదు. పొద్దు వాలేసరికి డ్రైవరు మామకే మొహమాటం వేసి, ఇంక చాలు పటేలా అన్నాడు. "నీకు చాలు. ఆ మాట ఇన్నోళ్లకు చాలలే" అని తాతయ్య తర్వాతి దుకాణం వైపు నడిచాడు.

ఆ ఏడు వాళ్లు ఎక్కకుండానే మేస్త్రీ లారీ వెళ్లిపోయింది.

ఆయన బిడ్డ నర్సుగా చేసి రిటైరై ఇప్పుడు వనపర్తిలో ఉంటోంది. మొన్న మాటల మధ్య, మా తాతయ్య మీ ఇంటికొచ్చిన రోజు గుర్తుందా అని అడిగాను. "గది యాదికి లేదు" అంది. "అంగట్ల చెప్పింది యాదికుంది. ఇంటికొచ్చి చెప్పి ఊకుంటే మా నాయిన మూటలు విప్పకపోయేటోడు."

నేను ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. పిల్లల్ని ఎప్పుడైనా తరగతి ఎదుట పొరపాటున గద్దిస్తే, తర్వాత స్టాఫ్ రూముకు పిలిచి బుజ్జగించడం నాకు చేతకాలేదు. మళ్లీ అదే తరగతిలోకి వెళ్లి, అందరూ కూర్చున్నాకే తప్పు నాదని చెప్పేదాన్ని.