బురద కావాల్సిన మెట్టు

సోమవారం పొద్దున దర్శకుడు ఫెరిస్ కారు దిగుతూనే క్లారిస్ హేగ్ ఇంటి మెట్టు చూసి కొయ్యబారిపోయాడు.

"దేన్నీ ముట్టుకోవద్దని శుక్రవారం చెప్పానా లేదా?"

"ముట్టుకోలేదు బాబూ. కిటికీ పరదా కూడా కదపలేదు," అంది క్లారిస్, గుమ్మంలో చీపురు పట్టుకుని.

"మరి ఈ మెట్టు?"

"మెట్టా? మెట్టు కడుక్కోవడం కూడా ముట్టుకోవడమేనా?"

ముగ్గురు ముసలి స్నేహితులు పనీపాటా లేకుండా కొండల వెంట తిరిగి, ఊళ్లో ఆడవాళ్ల చేత తిట్లు తినే టీవీ హాస్య కథ ఫెరిస్ తీస్తున్నది. యార్క్‌షైర్‌లోని ఆ ఉన్ని మిల్లుల ఊళ్లో దాన్ని తీయడం ఆరో ఏడు. ఇన్నాళ్లూ జనంలో ఒకతెగా నిలబడిన క్లారిస్‌కి, డెబ్బైకి దగ్గర పడ్డాక, మొహం కనబడే వేషం వచ్చింది. ఆ ముగ్గురూ బురద బూట్లతో ఆమె మెట్టెక్కి తలుపు కొట్టడం వరకూ శుక్రవారం తీశారు. ఇవాళ అదే బురద మెట్టు మీద ఆమె తలుపు తీసి, చీపురుతో తరిమికొట్టాలి.

మధ్యలో శనివారం వచ్చింది. క్లారిస్ చెయ్యి ఊరుకోలేదు. బురద కడిగి, మెట్టు తోమి, అంచు పొడుగునా, అక్కడి ఆడవాళ్లు మెట్లకి రుద్దే పసుపు రాయితో గీత దిద్దింది. మిల్లులో గుడ్డకి తప్పిన పోగులు సరిచేసిన రోజుల్లోనూ అది చేశాకే పనికి వెళ్లేది. మొగుడు ఎర్నెస్ట్ శవం ముందు గదిలో ఉన్న రోజునా మానలేదు. ఆ వీధిలో ఆడదాని విలువ ముందు మెట్టు దగ్గరే తేలిపోతుంది.

"ఏమయ్యా ఫెరిస్!" ఎదురింటి నెల్లీ కేకేసింది. చిన్నప్పుడు బళ్లోనూ తరవాత మిల్లులోనూ క్లారిస్ పక్కనే కూర్చున్న మనిషి. "మా మెట్టు చూడు. వారం నుంచి నీళ్లెరగదు. తలుపూ అదే ఆకుపచ్చ. చీపురు తిప్పడం నాకూ వచ్చు!"

"ఒసే నెల్లీ! ఇదేనటే నీ స్నేహం?"

"నన్నంటావేం? తోమమని నేను చెప్పానా?"

ఫెరిస్ నెల్లీ తలుపు వైపు చూశాడు. ఆ వరసలో ఇళ్లన్నీ ఒకే అచ్చు. కొండ మీద మబ్బు నల్లగా దిగుతోంది.

"వాన పడేలోపు ఇక్కడ బురదైనా పడాలి, మేం ఆ ఇంటికైనా మారాలి," అన్నాడు ఫెరిస్. పనివాడొకడు బురద బకెట్టు తెచ్చాడు.

క్లారిస్ చీపురు అడ్డం పెట్టింది. "ఆగు. నా మెట్టు మీద పరాయివాడు బురద పోస్తే చూస్తూ ఊరుకోను."

"అంటే వేషం వద్దా అమ్మా?"

వీధిలో ప్రతి కిటికీలోనూ ఒక మొహం ఉంది. క్లారిస్ చీపురు గోడకి ఆనించి, బకెట్టు లాక్కుని, తనే మెట్టు మీద బోర్లించింది.

"అయ్యో, మీ అమ్మ చూస్తేనా!" అంది నెల్లీ.

ఫెరిస్ చేతిలో శుక్రవారం తీసిన ఫొటో ఉంది. "ఇంకా. ఆ పసుపు గీత కనబడకూడదు."

క్లారిస్ మోకాళ్ల మీద కూర్చుని ఉత్త చేత్తో గీత మీద బురద పులిమింది.

కెమెరా తిరిగింది. తలుపు తీసింది, చీపురెత్తింది, ముగ్గురూ పరిగెత్తారు. "ఆపండి! అమ్మా, వాళ్లని చూడండి. మెట్టునే చూస్తున్నారు!"

ఆ ముగ్గురు నటుల్లో పెద్దాయన లయొనెల్ గోడ పట్టుకుని రొప్పుతున్నాడు. పెదవులు పాలిపోయాయి. "ఇంకొక్కసారి పరిగెత్తగలను తల్లీ, అంతే. ఈసారి నన్ను చూసి తిట్టు. బురద తెచ్చిన వెధవని నేనేగా."

మొదటి చినుకు క్లారిస్ మెడ మీద పడింది.

మళ్లీ తలుపు. ఈసారి మొహమెత్తి లయొనెల్ కళ్లలోకి చూసింది. "దిగండిరా! దిగండి నా మెట్టు!" వీధి చివర కుక్క మొరిగింది. ముగ్గురూ దౌడు తీశారు. వాకిలి గేటు దగ్గర లయొనెల్ అడుగు తడబడింది. క్లారిస్ చీపురు పైకెత్తి పట్టుకునే, ఆయన నిలదొక్కుకునేదాకా ఒక్క క్షణం ఆగింది. ఆయనకి గేటు అందింది. అప్పుడు చీపురు విసిరింది.

"అయింది!" అన్నాడు ఫెరిస్. ఆ వెంటనే కుండపోత.

చలికాలంలో ఆ భాగం టీవీలో వచ్చినప్పుడు ఇద్దరూ నెల్లీ ఇంట్లో అల్లం కేకు తింటూ చూశారు. తెర మీద క్లారిస్ తలుపు తీసింది, అరిచింది, పోయింది. టీవీ పెట్టెలో జనం విరగబడి నవ్వారు.

"చూశావటే? నీ మెట్టు మీది బురద దేశమంతా చూసింది," అంది నెల్లీ.

"మెట్టు సంగతి తరవాత," అంది క్లారిస్. "నా మొహం ఎలా ఉందో అది చెప్పు."