చివరి పెట్టె లైటు

మొన్న తెనాలిలో మెకానిక్ నా బండి వెనక అదనంగా ఎర్ర లైట్లు పెట్టి వైర్లు అతుకుతుంటే, ఆ సోల్డరింగ్ పొగ వాసన నన్ను రేపల్లెలోని మా వాకిట్లోకి లాక్కుపోయింది.

నాకప్పుడు ఆరేళ్లు. నాన్న తన మోటారు సైకిలు నంబరు ప్లేటుకి రెండు పక్కలా ఎర్ర లైట్లు బిగిస్తున్నాడు. ఆయన "వెయ్" అన్నప్పుడల్లా అమ్మ లైటు స్విచ్చి వేస్తోంది.

"ఎందుకు నాన్నా ఇవి?"

"వెనక వచ్చేవాళ్లకి మనం కనపడాలి కదమ్మా."

నేను నమ్మలేదు. రైలు చివరి పెట్టెకి ఎర్ర లైటుంటుందనీ, అది కనిపిస్తే రైలు మొత్తం వచ్చేసినట్టేననీ స్టేషన్లో పనిచేసే మామయ్య చెప్పాడు. ట్యాంకు మీద కూర్చునే నేను ఇంజను, నాన్న మధ్య పెట్టె, అమ్మ చివరి పెట్టె. అదీ సంగతి!

ఆ సాయంత్రం చుండూరు వెళ్లాం. పిన్నికి జ్వరమని అమ్మ అక్కడే ఉండిపోయింది. నాన్న నన్ను వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. చీకటి పడుతోంది. గడ్డి ట్రాక్టర్లు మా వెనకే వస్తున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది.

"లైట్లు ఆపెయ్ నాన్నా! చివరి పెట్టె అక్కడే ఉండిపోయిందిగా!"

సంగతేంటో చెప్పించుకుని నాన్న పెద్దగా నవ్వాడు. "ఇప్పుడు చివరి పెట్టె నువ్వేనమ్మా. గట్టిగా పట్టుకో."

ఆ గర్వంలో ఏడుపు మర్చిపోయాను. నాన్న మాత్రం రేపల్లె దాకా అద్దంలో వెనక్కి చూసుకుంటూనే నడిపాడు.

"ఇన్ని లైట్లెందుకక్కా?" అన్నాడు మెకానిక్.

అప్పటికే నా కూతురు వెనక సీటెక్కి కూర్చుంది.

"ఇంకోటి కూడా పెట్టు తమ్ముడూ" అన్నాను.