కొసరు కుట్లు

నిన్న హోసూరు బజారులో ఊలు ఉండను ముక్కు దగ్గర పెట్టుకోగానే, చిన్నప్పుడు అవ్వ నాకు అల్లిన చేతుల్లేని స్వెటర్ గుర్తొచ్చింది.

మాది బట్టల అంగడి. కొసరు అడగకుండా గుడ్డ కొనుక్కుపోయేవాళ్ళను చూసి మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం. అందుకే, అవ్వ నా ఛాతీకి దారం చుట్టి కొలిచి, సూది మీద ఎనభై కుట్లు వేసుకోగానే నేను అడ్డం పడ్డాను.

"కొసరు యాడ అవ్వా? ఇంకో ఇరవై కుట్లు వెయ్యి."

"ఒంటికి కొసరు ఉండదు పాపా. వదులైతే చలి దూరుతుంది."

"కొసరు లేకుంటే నేను వేసుకోను, పో!"

రెండు రోజులు మొండికేశాను. చివరికి అవ్వే దిగివచ్చింది.

తయారైన స్వెటర్‌కు చంకలు నడుము దాకా జారాయి. చలిగాలి ఒక పక్క దూరి మరో పక్క పోయేది. పళ్ళు టకటకలాడుతున్నా "వెచ్చగా ఉంది" అని తిరిగాను. అవ్వ విప్పి మళ్ళీ అల్లుతానంటే ఒప్పుకోలేదు.

వీధిలో అందరూ అల్లిక నేర్చుకుంది అవ్వ దగ్గరే. ఎదురింటామె నన్ను చూసి నవ్వి, పక్కనే ఉన్న అవ్వను అడిగింది.

"ఏమ్మా, ఇది నువ్వు అల్లిందేనా? ఇద్దరు పడతారే ఇందులో!"

నేను గడ్డం ఎత్తి నిలబడ్డాను.

"కండ్లు కనపడలేదమ్మా, కుట్లు ఎక్కువ పడిపోయినాయి" అంది అవ్వ.

పాపం, చూపు తగ్గిందనుకున్నాను. నా మొండితనం దాచడానికి ఆమె తన పేరు పోగొట్టుకుందని చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. ఎదురింటామె నవ్విన ఆ సాయంత్రమే, మసక వెలుతురులో, ఆమె సన్న సూదిలోకి దారం ఒక్క గురికే ఎక్కించడం పక్కనే కూర్చుని చూశాను కూడా.