బొగ్గు కుండీలకు మజ్జిగ

నిన్న ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఇంటెదురు నర్సరీకి మట్టి కొనడానికి వెళ్తే, నర్సరీ అతను ఒక సంచీ ముందుకు తోసి, "బయోచార్ కలిపింది మేడమ్, గ్యారంటీ" అన్నాడు. ఆ గ్యారంటీ మాట వినగానే నాకు అరికాళ్ళు మండాయి. పాపం, అతని తప్పేం లేదు. ఒకప్పుడు ఆ మాట అన్నది నేనే.

రెండువేల దశకం చివర్లో ఢిల్లీ మునిర్కాలో గది అద్దెకు తీసుకుని వ్యవసాయ పరిశోధన చేసేదాన్ని. గాలి తగలకుండా కాల్చిన బొగ్గును, అంటే ఈ బయోచార్‌నే, చేలో కలిపితే పంట పెరుగుతుందా, లేదా అన్నది మా పని. నేనేం చెప్పినా మా సార్ "ఏ నేలలో? ఎన్నేళ్ళు చూశావు?" అనేవారు. ఊళ్ళో ఎర్రనేలలో వేరుశనగ వేసే మా అక్కది మాత్రం ఫోన్లో ఒకటే ప్రశ్న: "వానలకు ముందు కందికట్టె కాల్చి చేన్లో వెయ్యల్లా, వద్దా?" ఆ కందికట్టె ఆమెకు ఏడాది పొడుగునా వంటచెరకు. రెండు పంటలు ఆగి చూసే ఓపిక నాకెక్కడిది? మేడమీద ఇరవై కుండీల్లో మెంతులు చల్లాను, పదింటిలో బొగ్గు కలిపి, పదింటిలో ఉత్త మట్టితో. పగలు నేను ల్యాబ్‌లో ఉంటాను కాబట్టి నీళ్ళ పని ఇంటి ఓనరు ఆంటీకి అప్పగించాను. మూడు వారాలకే బొగ్గు కుండీలు గుబురుగా లేచాయి. ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి, "వేసెయ్, గ్యారంటీ" అన్నాను.

వారం తర్వాత నేను మెంతికూర కోస్తుంటే ఆంటీ మురిపెంగా చెప్పింది. "కోయలా గరమ్ హోతా హై నా, బేటీ. బొగ్గు వేడి చేస్తుంది కదా, అందుకే ఆ నల్లవాటికి రోజూ నీళ్ళతో పాటు పల్చటి మజ్జిగ కూడా పోశాను." ఆమెనేం అనను? వేడికి చలవ చెయ్యాలని మా అమ్మా అనేది. మెంతికూర పెరిగింది బొగ్గుకో, మజ్జిగకో ఇక తెలిసే దారి లేదు. బొగ్గు వెయ్యకుండా ఆగమని చెబుదామంటే అక్క రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు. నేను కాలుగాలిన పిల్లిలా మేడంతా తిరిగాను. మూడోనాడు ఎత్తింది. "నువ్వు చెప్పినాక ఇంగ ఆలోచనెందుకని చేనంతా చల్లి దున్నించేసినా పాపా." పోల్చి చూసుకోవడానికి ఒక్క సాలైనా వదల్లేదు. మజ్జిగ సంగతి చెప్పాను. "సరేలే, ఈ ఏడు పొయ్యిలోకి కంప ఏరుకుంటా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

చేను పాడవలేదు, పంట పెరగనూ లేదు. ఇప్పటికీ అక్క బాగా పండితే "వాన" అంటుంది, పండకపోతే "నీ బొగ్గు" అని నవ్వుతుంది. సార్ ప్రశ్నలకు నేలనేలకీ ఒక్కో జవాబు వచ్చింది. మట్టిలో కలిసిన బొగ్గు మాత్రం ఓ పట్టాన కరగదని అందరూ ఒప్పుకున్నారు. రెండు పంటలు ఆగలేక నేనన్న మాట, నా తర్వాత కూడా ఆ చేలో నల్లగా ఉంటుంది.