కెమెరా ముందు ఆరేసిన వల

2023 ఎండాకాలం. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకార పల్లెకు సీసీ కెమెరా బిగించడానికి వెళ్ళాను. చీపురుపల్లిలో నాకు చిన్న కెమెరాల షాపు ఉంది, సర్కారు పనులూ అప్పుడప్పుడు వస్తాయి. ఒడ్డుకు లాగిపెట్టిన పడవల ఇంజిన్లు రెండు పోయాయట. కెమెరా కావాలని అర్జీ పెట్టుకున్నది ఊరివాళ్ళే. దొంగల నుంచి కాపాడటం సర్కారు పనే కాబట్టి నేనూ హుషారుగానే బయల్దేరాను.

సైట్ ప్లాన్ చూశాక అనుమానం మొదలైంది. స్తంభం ఎక్కడ పాతాలో, కెమెరా ఎటు చూడాలో గీసిచ్చే కాగితం అది. అందులో పడవల ఊసే లేదు. బాణం గుర్తు తిన్నగా వలలు బాగుచేసుకునే పాక వైపు ఉంది. నిషేధం రోజుల్లో ఊరంతా అక్కడే కూర్చుంటుంది. ఒడ్డున ఉన్న స్థలం సర్కారుకు ఇవ్వాలా వద్దా అన్న వాదనలు కూడా అక్కడే. పని అప్పగించిన ఆఫీసరుకు ఫోన్ చేసి అడిగాను.

"గీసినట్టు బిగించవయ్యా. మిగతాది నీకెందుకు" అన్నారు.

నోరు మూసుకుని బిగించేశాను. తప్పు నాదే.

వారం తిరక్కుండా ఆయనే ఫోన్ చేశారు. "బొమ్మ రావడం లేదు. ఎవరో పాడుచేశారు. పేర్లు రాసి రిపోర్టు పంపు, కేసు పెడదాం."

వెళ్ళి చూస్తే కెమెరా నిక్షేపంలా ఉంది. స్తంభానికి తాడు కట్టి, దాని మీద కెమెరాకు అడ్డంగా పెద్ద వల ఒకటి ఆరేశారు. పాకలో నూకాలమ్మ అనే పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. పోయిన ఇంజిన్లలో ఒకటి ఆమె కొడుకుది.

"ఈ వల ఎవరిది పిన్నీ?"

"నాదే, రాసుకో. వల ఆరేసుకుంతే కేసేటి బాబూ?"

"కెమెరా మీరు అడిగిందే కదా."

"పడవల్ని సూడమన్నాం. మమ్మల్ని సూడమన్నామేటి? నువ్వా కన్ను పెట్టిన కాడ్నుంచి పాకలోకి మనిషి రాట్లేదు. ఎవులింట్లో ఆలే వలలు కుట్టుకుంతన్నారు. మాటాడ్డానికే బయపడతన్నారు."

నాకు నిజంగా సిగ్గేసింది. జేబులో ఫాల్ట్ రిపోర్టు ఉంది. పాడైనది ఏమిటి, కారణం ఎవరు అని అందులో రెండు గడులుంటాయి. మొదటిదాంట్లో "కెమెరా దిశ" అని రాశాను. రెండోదాంట్లో నా పేరు రాశాను. నిచ్చెనెక్కి, రెండు స్క్రూలు వదులు చేసి, కెమెరాను పడవల వైపు తిప్పాను. ఆ ఆఫీసు నుంచి మళ్ళీ నాకు పని రాలేదు.

నూకాలమ్మ వల తీసింది గానీ తాడు విప్పలేదు.

"తాడెందుకు పిన్నీ ఇంకా?"

"నువ్వు తిప్పినావు. రేపు ఇంకోడొచ్చి తిప్పడా? ఉండనీ."

సర్కారు కాపలా వద్దని నేననను. ఇంజిన్ పోగొట్టుకున్నవాడికి దాని అవసరం తెలుసు. కానీ ఇప్పుడు ఎవరు కెమెరా పెట్టమన్నా, దొంగ ఎటునుంచి వస్తాడని అడిగే ముందు ఆ బొమ్మ చూసేదెవరని అడుగుతాను. ఆ పల్లె మీదుగా వెళ్ళినప్పుడల్లా కెమెరా ఎటు తిరిగి ఉందో చూస్తాను, తర్వాత తాడు కోసం చూస్తాను. మొన్న వెళ్ళినప్పుడు కూడా తాడు ఉంది.