అగ్గిపుల్ల చప్పుడు

మా వంటింట్లో అగ్గిపెట్టె ఉండదు. ఉద్యమం రోజుల్లో, ఒక బంద్ నాడు, ఎల్‌బీ నగర్ బస్టాప్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయనే కారణం. ఏదో ల్యాబులో తెల్ల ఎలుకలకు మేత పెట్టే పని ఆయనది.

“గంట కొట్టి కాళ్లకు షాక్ ఇస్తరు బిడ్డా. తెల్లారి ఉత్త గంట ఇన్నా బిగుసుకపోతయి. మెదడుల భయాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఉంటయట. అవి మూసే మందిస్తే ఆ భయం పట్టనే పట్టది.”

అవతల ఎవరో బీడీకి అగ్గిపుల్ల గీశారు. ఆయన టిఫిన్ డబ్బాను పొట్టకు అదుముకుని కొయ్యబారిపోయాడు. పుల్ల ఆరిపోయాకే డబ్బాను ఒళ్లోకి దించాడు.

“మా పెద్దోడు తెలంగాణ కోసమని ఒంటికి నిప్పు పెట్టుకున్నడు. నేను తలుపవతలనే ఉన్న. పుల్ల గీసింది ఇనబడ్డది.”

ఆ మందు మనుషులకూ ఉంటే బాగుండేదన్నాను.

“ఉంటే ఏం లాభం? షాక్‌కు ముందుగాలనే ఇయ్యాలె. అటెన్క ఇస్తే పనిచెయ్యది.”